పెద్దబండి బందు

మా ఇంటి ముందుగది తలుపుకు ఒక చెడ్డ అలవాటు ఉంది. తెరిచి వదిలేస్తే ఊరుకోదు. కాసేపు ఆలోచించుకుని, మనం అటు తిరిగినప్పుడు ధడేలుమని మూసుకుంటుంది. అందుకని దాని కింద ఒక తుమ్మమొద్దు పెడతాం. జానెడున్నర పొడవు, ఒక కొస లావు, రెండో కొస పలచన, లావు కొసకు ఇనుప పట్టీ, పట్టుకోవడానికి మూరెడు పిడి. జనగామలో ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది. మా ఆవిడ కాలు రోజూ దానికి తగులుతుంది, ఆవిడ రోజూ ఒకే మాట అంటుంది, ఆ మాట ఇక్కడ రాయను. వచ్చినవాళ్ళు "ఇదేంది సార్, కత్తుల కాలం నాటి సామాను లెక్కున్నది?" అని అడిగితే "తలుపుకు" అని చెప్పి ఊరుకుంటాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినవాడికి, ఎంత చెప్తే ఎదుటివాడికి ఆవలింత వస్తుందో తెలుస్తుంది.

మొన్న మా ఊరి నుంచి నలుగురు కారులో వచ్చారు. మా ఊరు పెద్దవంగర దాటాక వస్తుంది, కారు లేని రోజుల్లో ఇంకా చాలా ఆలస్యంగా వచ్చేది. వీళ్ళు మల్లన్న జాతర ఉత్సవ కమిటీ అట. అధ్యక్షుడు శ్రీకాంత్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మణికట్టు నిండా దేవుళ్ళ దారాలు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, అసలు సంగతికి వచ్చాడు. "తాతా, తెలంగాణ వచ్చి ఇన్నేండ్లాయె. ఇగ బందు ఎత్తెయ్యాలె గద?" ఈ రాష్ట్రంలో ఇంకెవరికి ఈ ప్రశ్న వేసినా ఏం బందు, ఎక్కడి బందు అని బిత్తరపోయేవాళ్ళు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. ఆ బందుకు పిలుపునిచ్చింది మా బాపు. దానికి కారణం కొంతవరకు నేను.

పెద్దబండి అంటే మా మల్లన్న ఊరేగే చెక్క రథం. నాలుగు చక్రాలు, ఒక్కోటి మనిషి ఛాతీ ఎత్తు. మీద వెదురు గోపురం, ఆ గోపురం నడుమ దేవుడు, దేవుడికి కొంచెం పైన ఒక పీట. ఆ పీట మీద కూర్చుని గంట ఊపే హక్కు తరతరాలుగా మా ఇంటిది. అందుకే మాకు ఇంటిపేరు వేరే ఉన్నా ఊరు మమ్మల్ని పీటోళ్ళు అనేది. బండిని రెండు వందల మంది మోకులు పట్టి గుంజుతారు. గుడి తూర్పు వైపు నేల వాలుగా ఉంటుంది. అక్కడ బండి తన ఇష్టప్రకారం పోదామని చూస్తుంది. దాన్ని ఆపడానికి ఒక మనిషి చక్రం ముందు గొంతుక్కూర్చుని, వెనక్కి జరుగుతూ, సమయం చూసి చక్రం కింద తుమ్మమొద్దు పెట్టాలి. ఆ హక్కు ఇంకో ఇంటిది. వాళ్ళు మొద్దోళ్ళు. జాతర అయ్యాక పీటోళ్ళకు మొదటి బొట్టు, మొదటి ప్రసాదం, తలపాగా. మొద్దోళ్ళకు ఒక కొబ్బరికాయ, ఒక తువ్వాల. సమాజంలో పని విభజన గురించి తర్వాత నేను ఎన్నో లావుపాటి పుస్తకాలు చదివాను. ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

జాతర నెల వచ్చిందంటే మా ఇల్లంతా ఆముదం వాసన. చక్రాల కందెనకు ఆముదం మా ఇంటి నుంచే పోవాలి. నాయినమ్మ వెనకవాకిట్లో పెద్ద కాగు పెట్టించి, ఆముదాలు వేయించి దంచించి కాచించేది. ఆ వాసన బట్టలకు పట్టేది, జొన్నరొట్టెకు పట్టేది, పాలకూ పట్టేది. ఆ నెలలో మా ఇంటికి చుట్టాలు రాకపోవడానికి అదే కారణమని అమ్మ అనుకునేది, అందుకని ఆ వాసనంటే ఆమెకు కొంచెం ఇష్టం కూడా. బాపు మాత్రం ఆ వాసన మొదలైనప్పటి నుంచీ మాటలు తగ్గించేవాడు. ఆయనకు ఎత్తంటే భయం. బావిలోకి కూడా వంగి చూసేవాడు కాదు, నీళ్ళెంత ఉన్నాయో ఎవరినైనా అడిగి తెలుసుకునేవాడు. అలాంటి మనిషి ఏటేటా పన్నెండు మూరల ఎత్తున ఊగే పీట మీద కూర్చోవాలి. జాతరనాడు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా దిగేవి కావు. పైన కూర్చున్నంతసేపూ కళ్ళు మూసుకునేవాడు. ఊరు దాన్ని నిష్ఠ అనుకునేది. "మా పటేలు దేవునిల లీనమైతడు" అని పక్క ఊళ్ళ వాళ్ళకు గొప్పగా చెప్పుకునేది.

ఒక ఏడు వాలు మీద బండి ఉరికింది. మొద్దు పెట్టింది సాయిలు. మొద్దు జారింది, మనిషి జారలేకపోయాడు. జనగామ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. బాపు కళ్ళు మూసుకుని గంట ఊపుతూనే ఉన్నాడు, కింద అరుపులు భక్తి వల్ల అనుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎక్కడైనా గంట మోగితే లేచి బయటికి పోయేవాడు.

ఆ మరుసటి జాతర నాటికి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీ గేట్లకు తాళాలు పడ్డాయి. తాళం వేయించడంలో నా వంతు శ్రమ కొంచెమే, నినాదం సగంలో ఉండగా నాకు దగ్గు వచ్చేది. హాస్టల్లో వంట కూడా బందు పెట్టాక ఉద్యమాన్ని మిగతావాళ్ళకు అప్పగించి, మానుకోటలో రైలు దిగి, దొరికిన బండ్లు పట్టుకుని ఇల్లు చేరాను. చేరిన రెండోనాడే మా అరుగు మీద జాతర గురించి కూటం. బాపు నడుమ కూర్చుని కోడి ఈకతో చెవి తిప్పుకుంటున్నాడు. కష్టమైన సంగతి వస్తే బాపుకు చెవి దురద పుడుతుంది. ఈక ఎంత లోపలికి పోతే తీర్పు అంత ఆలస్యమని ఊరికి తెలుసు. ఆ రోజు ఈక మూడొంతులు కనపడలేదు.

నిజానికి ఆ రోజు అందరూ బండి వద్దని చెప్పడానికే వచ్చారు. కాని ఎవరూ నోరు తెరవరు. పూజారి అయ్యగారు దేవుడి ముందు ఎలా అనాలా అని, బండి బాగుచేసే వడ్ల బ్రహ్మయ్య పూజారి ముందు ఎలా అనాలా అని. ఇరుసు పుచ్చిపోయిందని చెప్పడం కోసమే బ్రహ్మయ్య వచ్చాడు, అరుగెక్కుతూ నాతో కూడా అన్నాడు. ఇంకొంచెంసేపు అలాగే కూర్చుని ఉంటే ఎవరో ఒకరు దగ్గేవారు, ఇంకొకరు నిట్టూర్చేవారు, బండి దానంతటది ఆగిపోయేది. అప్పుడు మా బడి పంతులు సుబ్బారావు మాస్టారు లేచారు. ఆయన గుంటూరు వైపు మనిషి. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవాడు, ఒక్కరినీ కొట్టనివాడు. "ఏవండీ పటేలు గారూ, పోయినేడే ఓ నిండు ప్రాణం పోయింది కదండీ. ఈ ఏడాది బండి ఆపేస్తే తప్పేవుందండీ?" అన్నారు.

అందరి కడుపులో ఉన్న మాట అదే. చిక్కల్లా అది గుంటూరు నోటి నుంచి రావడం. బయట రాష్ట్రమంతా మండుతున్నది, ఇక్కడ మా అరుగు మీద ఒక ఆంధ్రా సారు మా బండిని ఆపమంటున్నాడు. అరుగు ఒక్కసారిగా లేచి నిలబడింది. "గాయన ఎవలు మన దేవుని ఆపుతందుకు?" అన్నారు ఎవరో. "గిన్ని తరాల సంది నడిచింది, ఇప్పుడు ఆగుతదా?" అన్నారు ఇంకెవరో. పుచ్చిన ఇరుసు సంగతి చెప్పడానికి వచ్చిన బ్రహ్మయ్య అందరికన్నా ముందుకు వచ్చి, "ఇరుసు ఇనుము లెక్కున్నది పటేలా, నడువాల్సిందే!" అన్నాడు. సుబ్బారావు మాస్టారు గొడుగు తీసుకుని మెల్లగా అరుగు దిగారు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి కలిసినప్పుడు ఈ ముచ్చట ఎత్తితే ఆయన నవ్వి, "నేను బండి నడపాల్సిందేనని గట్టిగా పట్టుబట్టి ఉండాల్సిందండీ, ఆ పూటే ఆపేసేవాళ్ళు" అన్నారు.

బండి నడవడం ఖాయమైంది. మరి మొద్దు? అందరి కళ్ళూ స్తంభానికి ఆనుకుని నిలబడిన ఎల్లయ్య మీద పడ్డాయి. సాయిలు కొడుకు. నా వయసువాడే, అయిదో తరగతి దాకా ఒకే పలక మీద రాసుకున్నాం, వాడి పలక పగిలింది కాబట్టి. "మా నాయిన పనే గద. నేనే పెడత" అన్నాడు, తల ఎత్తకుండా. బాపు ఈక బయటికి తీసి, "మొద్దు పెట్టుడంటె దేవుని పాదం పట్టినట్టు బిడ్డా, అందరికి దొరికే భాగ్యం కాదు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"అయితె ఆ భాగ్యం ఈ ఏడు మీరు తీసుకోండ్రి పటేలా" అని వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది. ఎల్లయ్య తల్లి కొమురమ్మ. తలుగు తెంపుకున్న మా బర్రెను తోలుకొచ్చి, దాన్ని పట్టుకునే నిలబడింది. మాట్లాడినంతసేపూ బర్రె కూడా మా వైపే చూసింది. "నేను బండి ఆపుమంటలేను. ఆపితె మా ఆయిన ఉత్తగనే సచ్చినట్టయితది. నడువనియ్యుండ్రి. కని మీదోళ్ళు మీదనే, కిందోళ్ళు కిందనే, ఎన్నేండ్లు? దేవునికి గూడ అవే మొఖాలు సూసి సూసి యాష్టకొచ్చి ఉంటది. ఈ ఏడు మార్సుకుందాం. మా ఎల్లడు పీట మీద కూసుంటడు. చిన్నపటేలు కాలేజి లేక కాళీగనే ఉన్నడు గద, మొద్దు పెడతడు."

చిన్నపటేలు అంటే నేను. అప్పటిదాకా ప్రమాదకరమైన ఆచారాల గురించి నాకు స్థిరమైన అభిప్రాయమంటూ ఏదీ లేదు. సంస్కృతి, సామూహిక చైతన్యం అని వ్యాసాలలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ క్షణంలో నాకు చాలా స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. లోపల వంటింట్లో ఇత్తడి బిందె ఒకటి కింద పడింది. అమ్మ చేతుల్లోంచి అంతకుముందు ఎన్నడూ ఏదీ పడలేదు. బాపు ఈకను చూసుకున్నాడు. వద్దు, ప్రమాదం అంటే ఎల్లయ్యకు కాదా అని అడుగుతారు. అది మన పని కాదు అంటే ఇప్పుడే దేవుడి పాదం అన్నావు గదా అంటారు. మాట ఇస్తే తిప్పడని పేరున్న మనిషికి అన్ని దారులూ మూసుకుపోయాయి. "సరే" అన్నాడు. అంత చిన్న మాట అనడానికి ఆయన అంతసేపు తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో శాస్త్రం చాలా వేగంగా మారింది. దేవుడి పనికి దేవుడే కాపలా అని సాయిలు పోయినప్పుడు చెప్పిన నాయినమ్మే, ఇప్పుడు పూజారి అయ్యగారిని పిలిపించి, "పెండ్లికాని పోరడు చక్రం ముందట కూసుంటె వంశానికి కీడని మా అవ్వగారింట్ల అనేటోళ్ళు. మీ పుస్తకంల ఉన్నదా సూడుండ్రి" అంది. అయ్యగారు ఉందన్నారు. "ఎల్లయ్యకు గూడ పెండ్లి కాలె గద?" అని నేను అడిగాను. అయ్యగారు పుస్తకం మూసేశారు. అమ్మ మాత్రం నా రొట్టెల మీద వెన్న రెండింతలు చేసింది, నాకు అది చూస్తేనే ఎక్కువ భయమేసింది.

నాకు మొద్దు పెట్టడం నేర్పింది ఎల్లయ్యే. మా దొడ్లో ఎడ్లబండిని వాలు మీద పెట్టి, తాను తోస్తూ నన్ను చక్రం ముందు కూర్చోబెట్టేవాడు. "చక్రం దిక్కు సూడకు చిన్నపటేలా. మోకు గుంజెటోళ్ళ కాళ్ళ దిక్కు సూడు. కాళ్ళు తన్ని నిలబడ్డయంటె మొద్దు పెట్టాలె. కాళ్ళు ఉరికినయంటె మొద్దు ఇడిసిపెట్టి పక్కకు దుంకాలె" అనేవాడు. "పెట్టాల్నా, దుంకాల్నా అని ఆలోచన వస్తే?" అన్నాను. ఎల్లయ్య చక్రానికి అంటిన మట్టి కొంచెం గీకాడు. "ఆలోచన చేసిండు మా నాయిన" అన్నాడు. ఆ తర్వాత మేం కాసేపు ఏమీ నేర్చుకోలేదు. వాడి వంతు అభ్యాసం మా గడ్డివాము మీద. మీదెక్కి కూర్చుని, చెంబును గంటలా ఊపుతూ, "ఇక్కడికెళ్ళి సూస్తె మీ గడి ఎంత సిన్నగ కనపడ్తున్నది చిన్నపటేలా!" అని అరిచేవాడు. వాడికి ఎత్తు భయం లేదు. మా వంశంలో ఎవరికీ లేని అర్హత అది.

జాతరకు మూడు రోజుల ముందు కందెన పోయడానికి బండిని కొట్టంలోంచి బయటికి తీశారు. పది అడుగులు నడిపి చూద్దామన్నారు. నేను చక్రం ముందు కూర్చున్నాను. అంత దగ్గర నుంచి చూస్తే అది చక్రంలా ఉండదు, మెల్లగా వంగుతున్న గోడలా ఉంటుంది. బండి కదిలింది. నేను ఎల్లయ్య చెప్పినట్టు కాళ్ళ వైపు చూశాను, కాని నా కాళ్ళ వైపు. బండి దానంతటది ఆగింది. ఆగిన తర్వాత మొద్దు జాగ్రత్తగా పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళు భేష్ అన్నారు. ఎవరూ చూడనిది ఒక్కటే, ఆ చక్రానికీ నా వేళ్ళకూ నడుమ బెత్తెడే సందు. కాదు, ఒకరు చూశారు. బాపు. ఎప్పుడు వచ్చాడో, తెల్ల ధోవతి మట్టిలో పడుతున్నా పట్టించుకోకుండా, చక్రం పక్కన నా లాగే గొంతుక్కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఆ బండి ఎక్కినవాడు, కింది నుంచి దాన్ని చూడడం అదే మొదటిసారి. కళ్ళు తెరిచి చూడడం కూడా అదే మొదలనుకుంటాను. "సాయిలు గిక్కడనే కూసున్నడా?" అన్నాడు. ఎల్లయ్య ఔనన్నాడు. బాపు ఇంటికి పోయి ఆ పూట అన్నం తినలేదు. అందులో నిష్ఠ ఏమీ లేదు.

మరునాడు పొద్దున్నే డప్పు కొట్టించి ఊరందరినీ పిలిచాడు. చేతిలో ఈక లేదు. అరుగు మీద నిలబడి, "రాజ్యమంత బందున్నది. కాలేజీలు బందు, బస్సులు బందు, కచేరీలు బందు. గిసుంటి యాళ్ళ మన బండి ఒక్కటి నడిస్తె ఊరికి ఇజ్జత్ ఉంటదా? అందుకని తెలంగాణ వచ్చెదాక పెద్దబండి బందు!" అన్నాడు. ఊరు ఊరంతా జై కొట్టింది. ఎంత గట్టిగా అంటే, వాళ్ళంతా ఎన్నాళ్ళనుంచో ఆ మాట కోసం కాచుకుని ఉన్నారని అప్పుడు తెలిసింది. పిరికితనం అనిపించుకోకుండా ఇంటికి పోయే దారి దొరికితే జనానికి కలిగే ఉత్సాహం నేను తర్వాత చాలా సభల్లో చూశాను, అంతటిది మాత్రం చూడలేదు. "ఎట్లనైన ఇరుసు పుచ్చే ఉన్నది" అన్నాడు బ్రహ్మయ్య. సుబ్బారావు మాస్టారు జనం చివర నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నేర్చుకున్నారు. ఆ ఏడు మల్లన్నను భుజాల మీద పల్లకిలో మోసి, అయిదు చుట్లు తిప్పారు. దేవుడికి ఏ లోటూ కనపడలేదు.

జాతర మరునాడు కొమురమ్మ కొంగులో ఏదో చుట్టుకుని వచ్చింది. విప్పితే మొద్దు. "మీ ఇంట్లనే ఉంచు చిన్నపటేలా. మా ఇంట్ల ఉంటె మావోడు ఎప్పుడో ఒకనాడు దాన్ని పట్టుకుంటడు" అంది. అరుగు మీద పెట్టి, దాన్ని ఒకసారి చేత్తో తుడిచింది, పిల్లవాడి మొఖం తుడిచినట్టు. బాపు దాన్ని తలుపు కింద పెట్టించాడు. అప్పటి నుంచి అది, ముందు ఊళ్ళో, తర్వాత ఇక్కడ, తలుపునే ఆపుతున్నది.

ఉద్యమం చల్లబడింది. కాలేజీలు తెరిచారు, నాకు పరీక్షలు కూడా పెట్టారు. రాష్ట్రంలో అన్ని బందులూ ఎత్తేశారు, మా పెద్దబండి బందు మాత్రం ఎత్తేయలేదు. ఏటేటా జాతరకు ముందు ఎవరో ఒకరు వచ్చి, "పటేలా, బండి?" అనేవారు. బాపు మీసం సవరించుకుని, "తెలంగాణ వచ్చిందా?" అనేవాడు. "రాలె." "మరి?" అంతే. బాపు పోయేనాటికి బండిని చెదలు తినగా రెండు చక్రాలే మిగిలాయి. ఎల్లయ్య భూపాలపల్లి పోయి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. "మీద కూసోమంటె కిందికే పాయె" అని కొమురమ్మ నవ్వేది, వాడు సెలవుకు వచ్చిన రోజు మాత్రమే నవ్వేది. వాడు క్షేమంగా రిటైరై, చెల్పూరు దారిలో ఇల్లు కట్టుకున్నాడు. మా బాపు తెలివైనవాడు. ఎటొచ్చీ ఒక్కటే లెక్క తప్పాడు, తెలంగాణ రాదనుకున్నాడు.

అది వచ్చింది. దాని వెనక కొన్నేళ్ళకు శ్రీకాంత్ వచ్చాడు. "కొత్త బండి చేపిస్తున్నం తాతా. పాత మొద్దు పూజల పెడ్దామని, దాన్ని ఇయ్యాలె మీరు" అన్నాడు. "పీట మీద ఎవరు కూసుంటరు?" అన్నాను. "అది ఫైనలైంది. నేనే." "భయం లేదా?" "బెల్టు ఉంటది తాతా." "మరి మొద్దు?" "దానికేం పరేషాన్ లేదు. రైసుమిల్లుల బీహారోళ్ళున్నరు, ఇద్దర్ని మాట్లాడినం. ఇన్సూరెన్స్ గూడ చేపిస్తం." మా కాలం గొప్పదని నేను అనను. కాని చక్రం కింద పోయినవాడి పేరు మా ఊరందరికీ తెలుసు, వాడి పెండ్లాం మా వాకిట్లోకి వచ్చి బర్రెను పట్టుకుని అడగగలిగింది. బీహారు నుంచి ఎవరు వచ్చి మా వాకిట్లో నిలబడతారు?

"ఇస్తాను. తలుపు కింద ఉంది, తీసుకో" అన్నాను. శ్రీకాంత్ నడుము వంచి ఒంటి చేత్తో లాగాడు. రాలేదు. ప్యాంటు ఎగదీసుకుని తలుపు ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులా పట్టి గుంజాడు. మొద్దు ఊడింది. మా తలుపు కాసేపు ఆలోచించుకుంది. "తాతా, దీని బరువు..." అని అతను ఇటు తిరిగాడు. ధడేలుమంది. చేతులు ఎంత వేగంగా లాక్కున్నాడంటే, వెనక్కి పడి తెల్ల ప్యాంటుతో గడప ఇవతల తేలాడు. అందరం నవ్వాం, అతనూ నవ్వాడు. తర్వాత తన వేళ్ళు ఒక్కొక్కటే చూసుకున్నాడు. "తలుపే గద బిడ్డా, దానికి అంత బరువేం లేదు" అన్నాను. అతను మొద్దును తీసి, తలుపు తెరిచి, దాని కింద సరిగ్గా ఎక్కడిదక్కడ పెట్టాడు. "మళ్ళొస్తం తాతా" అన్నారు. కారు పోయింది.

ఎల్లయ్యకు ఫోన్ చేశాను. డెబ్బై దాటినా వాడికి నేను చిన్నపటేలునే. సంగతంతా విన్నాడు. "మొద్దు ఇచ్చినవా మరి?" అన్నాడు. "ఇచ్చిన. తీస్కపోవుడు మర్చిపోయిన్రు" అన్నాను. "మల్లొస్తరు చిన్నపటేలా. తెలంగాణ వచ్చింది గద, మీ బాపు మాట ఉన్నది గద?"

"కింద బీహారోళ్ళను కూసోబెడతరట, ఎల్లయ్యా."



"అయితె మీ బాపు అన్న తెలంగాణ ఇంకా రానట్టే" అన్నాడు. "బందు నడువనియ్యి."